పెళ్ళిపీటకి మైనం పాలిష్

పోయిన నెల ఒక పెళ్ళికి వెళ్ళానండీ. పెళ్ళికొడుకు ఎలా ఉన్నాడని మాత్రం నన్ను అడక్కండి. మండపంలో ఉన్నంతసేపూ మొహం సరిగ్గా చూసిన పాపాన పోలేదు. ముహూర్తం దగ్గర్నుంచి భోజనాల దాకా ఆ కుర్రాడి వెనక వైపే చూస్తూ, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నిలబడ్డాను.

నవ్వకండి! మీకేం, వినడానికి బాగానే ఉంటుంది. ఆ పూట నా స్థానంలో మీరుంటే హాలు వెనక గోడ దూకి టాటానగర్ స్టేషన్‌కి పరిగెత్తేవారు. ఏ రైలు దొరికితే ఆ రైలు ఎక్కేసేవారు.

అసలు సంగతి చెప్తాను. మా ఇంట్లో రెండు పెళ్ళిపీటలున్నాయి. టేకువి. మా నాన్న రైల్వే యార్డులో పనిచేసే రోజుల్లో మా అక్క పెళ్ళికని ఇదే ఊళ్ళో బర్మామైన్స్‌లో ఒక వడ్రంగి చేత చేయించాడు. తర్వాత పక్కింటివాళ్ళు అడిగారు, ఇచ్చాం. వాళ్ళ చుట్టాలు అడిగారు, ఇచ్చాం. ఇప్పుడు ఇక్కడ టాటానగర్‌లో స్థిరపడ్డ మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళిళ్ళల్లో పెళ్ళంటే ముందు హాలు బుక్ చేస్తారు, తర్వాత మా పీటలు బుక్ చేస్తారు. వాటి మీద కూర్చున్న జంట విడిపోదని ఒక పేరు. నిజమో కాదో ఆ పైవాడికే తెలియాలి. నాన్న పోయాక ఆ పేరు కాపాడే బాధ్యత మాత్రం నా నెత్తి మీద పడింది.

ఈసారి పెళ్ళి దీప్తిది. మా పక్క క్వార్టర్ రమణ కూతురు. రమణా నేనూ కద్మా కాలనీలో ఏళ్ళ తరబడి గోడకి గోడ ఆనుకుని ఉన్నాం. ఉక్కు ప్లాంటులో ఒకే వర్క్‌షాపులో షిఫ్టులు చేసి చేసి బావా అంటే బావా అనుకున్నాం తప్ప చుట్టరికం ఏమీ లేదు. దీప్తి నన్ను మావయ్యా అంటుంది. నా కళ్ళ ముందు పాకిన పిల్ల.

పెళ్ళికొడుకు పేరు శ్రీకర్. కాకినాడ వాళ్ళు, ఉద్యోగం బెంగళూరులో. మంచి కుర్రాడు. కానీ ఆ కుర్రాడికి ఒక మామ్మగారున్నారు. అదీ సమస్య! నిశ్చితార్థానికి వచ్చినప్పుడు మా సాంబార్లో ముల్లంగి దగ్గర్నుంచి మేం 'ఏటి' అనడం దాకా దేన్నీ వదల్లేదు. అంతా నవ్వుతూనే అన్నారు. ఆవిడ నవ్వితేనే ఎక్కువ భయం వేస్తుంది. ఆవిడ అటు తిరగ్గానే రమణ నా చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, ఆ ముసలమ్మ నోట పడకుండా పెళ్ళయిపోతే చాలు. సత్యనారాయణ వ్రతం సేయించేత్తాను."

అందుకే, పెళ్ళి దగ్గర పడుతుంటే అటక మీంచి పీటలు దింపి చూసేసరికి నాకు చెమట పట్టింది. ఒకదాని మీద ఎవరో వేడి గిన్నె పెట్టిన తెల్లటి రింగు. రెండోదాని నిండా గీతలు. పాత పసుపు మరకలు. వార్నిష్ ఉంది గానీ కళ లేదు. ఆ మామ్మగారు కళ్ళజోడు సర్దుకుని ఈ పీటల వైపు చూస్తే? ఆ ఊహకే నాకు అన్నం సయించలేదు.

ఫోన్లో వెతికాను. వార్నిష్ చేసిన చెక్కకి పేస్ట్ వాక్స్ అని ఒక మైనం పాలిష్ ఉంటుందట. అది రాస్తే పైన పొరలా నిలిచి నీళ్ళూ గీతలూ పడకుండా కాపాడుతుందట, మెరుపు కూడా వస్తుందట. ఒకాయన వీడియో పెట్టాడు. సగం చూసేసరికి నాకంతా అర్థమైపోయింది, ఆపేశాను. అదే నా జబ్బు. ఏదైనా సగం చూస్తే నాకంతా అర్థమైపోతుంది.

సాక్చీ బజార్లో ఒక హార్డ్‌వేర్ షాపుకెళ్ళాను. షాపతను అటకలన్నీ వెతికి ఒక డబ్బా తీశాడు.

"క్లియర్ వాలా ఖతమ్ హో గయా అంకల్. డార్క్ బ్రౌన్ లే జాయియే. స్క్రాచ్ భీ ఛుప్ జాయేగా."

రంగులేనిది అయిపోయిందట, ముదురు గోధుమరంగుదే ఉందట. గీతలు కూడా దాక్కుంటాయంటే ఇంకేం కావాలి! ఎగురుకుంటూ ఇంటికొచ్చాను. మూత తీస్తే లోపల అచ్చం బూట్ పాలిష్. టర్పెంటైన్ వాసన గుప్పుమంది.

మా ఆవిడ వరలక్ష్మి, నేను వరం అంటాను, చేతులు తుడుచుకుంటూ వచ్చి డబ్బా తిప్పి చూసింది. ఆవిడకో చెడ్డ అలవాటుంది. ఏ వస్తువు కొన్నా దాని మీద రాసింది చదువుతుంది.

"ఏటండీ, ఇది సదివేరా? పల్చగా రాయాలట. కాసేపు ఆరనిచ్చి, పొడిగుడ్డ పెట్టి బాగా తుడిచెయ్యాలట."

"తుడిచెయ్యడానికయితే రాయడం దేనికే?"

"నాకేటి తెలుసు? రాసున్నది సెప్తన్నాను."

నేను లూబ్రికేషన్ సెక్షన్. నా జీవితమంతా గ్రీజే. కొత్తగా వచ్చిన ట్రెయినీలకి రోజూ నేను చెప్పేదొకటే: "ఒరే బాబూ, గ్రీజు ఎక్కువైతే బేరింగు వేడెక్కి పోద్ది. కొంచెవే పెట్టు." ఈ జ్ఞానమంతా ఇంటికొచ్చేటప్పుడు గేటు దగ్గర హెల్మెట్‌తో పాటు వదిలేసి వస్తానన్నమాట.

వరం ఒక పీట తీసుకుంది, నేనొకటి తీసుకున్నాను. ఆవిడ గుడ్డకి కాస్త అద్ది, పల్చగా రాసి, కూరకి తాలింపు వేసుకుని వచ్చి, మసక పొర కనిపించగానే పాత బనీను ముక్కతో రుద్ది రుద్ది పెట్టింది. నేను వేళ్ళతోనే తీశాను. గీత కనిపించిన చోటల్లా కూరాను. రింగు కనిపించకుండా మెత్తాను. ఆరకముందే ఇంకో పూత, దాని మీద ఇంకో పూత. తుడవలేదు. మంచి సరుకు తుడిచి పారేస్తామా? రాత్రంతా పీల్చుకుంటుందని వదిలేశాను.

పొద్దున్న చూద్దును కదా, నా పీట ధగధగలాడిపోతోంది! ఆవిడ పీట మామూలుగా, బుద్ధిగా ఉంది.

"చూసేవా? ఎవరిది మెరుత్తంది?"

"మీదే. తడి తడిగా ఉన్నట్టు లేదేటి?"

"తడి కాదే. దాన్ని లోతు అంటారు."

ఆ మాట అన్న నోరు కుట్టేసుకుందామని ఇప్పటికీ అనిపిస్తుంది.

పెళ్ళి రోజు. పగటి ముహూర్తం. మే నెల ఎండ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, గోడ ముట్టుకుంటే కాలుతోంది. పీటల్ని పాత దుప్పట్లలో చుట్టి కారు వెనక సీట్లో పడేసి హాలుకి తీసుకెళ్ళాను. మండపం దగ్గర విప్పుతుంటే నా పీట మీంచి దుప్పటి 'చర్ర్' మని ఊడింది. ఎండకి అలాగే ఉంటుందిలే అనుకున్నాను. మనిషికి పోగాలం దాపురిస్తే చెవులు కూడా పనిచెయ్యవు.

మామ్మగారు తనిఖీకి వచ్చేశారు. పంతులుగారు ఎక్కడ కూర్చుంటారు, కలశం ఎటు, కొబ్బరి బొండాం ఎటు, అన్నీ చూసి, పీటల దగ్గర ఆగారు. కళ్ళజోడు సర్దుకున్నారు. 

"ఈ పీట ఎంత బాగా మెరుస్తోందండీ! ఎవరిచేత పెట్టించారు పాలిష్?"

"నేనేనండి," అన్నాను. ఛాతీ విరుచుకున్నాను. 

"శుభం. అయితే ఇది మా అబ్బాయికి వేయించండి. ఆ రెండోది అమ్మాయికి."

నేను వరం వైపు ఎలా చూశానంటే... చెప్పుకుంటే సిగ్గుచేటు. ఆవిడ మూతి ముడుచుకుంది. రమణ వచ్చి నా భుజం తట్టాడు. "బావా, అదరగొట్టేసినావు! ముసలమ్మ నోటమ్మట శుభం అన్న మాట ఇదే ఫస్ట్ టైమ్."

ఇంక నా ఆనందం పట్టలేక, గేదెని నిమిరినట్టు ఆ పీటని ఒకసారి ప్రేమగా నిమిరాను.

చెయ్యి తీసి చూస్తే నాలుగు వేళ్ళూ గోధుమరంగు.

జేబురుమాలు తీసి తుడిచాను. రుమాలు గోధుమరంగు. గోటితో గీరాను. గోట్లో మైనం ముద్ద. అది ఆరలేదు! పీల్చుకోలేదు! నేను కూరిన ప్రతి పూతా కూరినట్టే, వెన్నలా, ఆ ఎండకి ఇంకాస్త మెత్తబడి కూర్చుని ఉంది.  సరిగ్గా అప్పుడే గుమ్మంలో మేళం మోగింది.

పెళ్ళికొడుకు వస్తున్నాడు. మధుపర్కాల్లో. తెల్లటి, మల్లెపువ్వు లాంటి పంచె, ఎర్రటి సన్నంచు.

ఆలోచించండి. తెల్ల పంచె. గోధుమరంగు. సరిగ్గా కూర్చునే చోట. ఇంతకంటే నేను విడమరచి చెప్పను. ఆ మరక చూసినవాడు ఎవడూ "అయ్యో, పీట మైనం" అనుకోడు. ప్రపంచంలో ఎవడూ అనుకోడు! పెళ్ళిపీటల మీద పెళ్ళికొడుక్కి ఏదో అయిపోయిందని కాకినాడలో మూడు తరాలు చెప్పుకుంటారు. తప్పు నాది, పరువు ఆ కుర్రాడిది, అత్తారింట్లో జీవితాంతం మాటలు పడేది దీప్తి.

ఒక్క దూకు దూకి, నా కండువా తీసి పీట మీద పరచబోయాను.

"సత్యం గారూ, తప్పుకోండి, వరుడు వచ్చేస్తున్నారు," అన్నారు పంతులుగారు. భాలుబాసాలో ఉండే పంతులుగారు, మనందరి పెళ్ళిళ్ళూ ఆయనే చేయిస్తారు.

"ఒక్క గుడ్డ, పంతులుగారూ, పీట మీద ఒక్క చిన్న గుడ్డ వేత్తే..."

"గుడ్డెందుకండీ?" మామ్మగారి గొంతు వెనకనుంచి. "అంత చక్కగా పాలిష్ పెట్టిన పీటకి ముసుగేస్తారా ఎవరైనా? ఫోటోల్లో పడాలండీ అది!"

నా గొప్పే నా గొంతు పట్టుకుంది. కండువా వెనక్కి తీసుకున్నాను. శ్రీకర్ వచ్చి కూర్చున్నాడు. కాస్త సర్దుకుని మరీ, బాగా ఆనుకుని, స్థిరంగా కూర్చున్నాడు.

నేను తూలుకుంటూ వెళ్ళి వరం పక్కన పడ్డాను.

"కొంప మునిగిపోయిందే."

"ఏటయ్యింది?"

వేళ్ళు చూపించాను. ఆవిడ వేళ్ళు చూసింది, పీట చూసింది, పీట మీదున్న తెల్ల పంచె చూసింది. తర్వాత నన్ను చూసింది.

"తుడవమని నేను సెప్పలేదేటి?"

"ఇప్పుడు కాదే!"

"మరెప్పుడు?"

నిజమే, ఇంకెప్పుడు? కానీ ఆవిడ మొహం కూడా పాలిపోయింది. దీప్తి అంటే ఆవిడకి ప్రాణం.

జీలకర్ర బెల్లం అయ్యింది. ఇద్దరి మధ్యా పట్టిన తెర తీసేశారు. అందరూ అక్షింతలు వేస్తున్నారు. నేను వెయ్యలేదు. నా అక్షింతలు చెమటకి అన్నమైపోయాయి. తాళి కట్టే వేళైంది. పెళ్ళికొడుకు లేవాలి! నేను పూల అలంకరణ పక్కనుంచి దొంగలా మండపం వెనక్కి చేరాను. అతని వీపు గోడ వైపు ఉంది, అదొక్కటే అదృష్టం.

శ్రీకర్ లేవబోయి ఒక క్షణం ఆగాడు. మళ్ళీ కాస్త బలంగా లేచాడు. 'చర్ర్.'

ఆ శబ్దం మేళంలో కలిసిపోయింది, నాకు మాత్రం పిడుగులా వినిపించింది. చూశాను. అమ్మా! అట్టంత మరక. నడుం కింద నిండుగా, దిట్టంగా, డార్క్ బ్రౌన్. కుర్రాడి చేతులు కూడా వణుకుతున్నాయి, మూడు ముళ్ళు వెయ్యడానికి ఎంతసేపు పట్టిందో. ఆడవాళ్ళంతా "పాపం, ఎంత ఎమోషన్ అయిపోతున్నాడో" అని కళ్ళు తుడుచుకున్నారు. అతను మళ్ళీ అదే మరక మీద కూర్చున్నాడు.

అప్పుడు హోమం వెలిగించారు.

మైనం వేడికి కరుగుతుందని ఒకటో క్లాసు పిల్లకి కూడా తెలుసు. నాకప్పుడే గుర్తొచ్చింది. మంట లేస్తోంది, పంతులుగారు నెయ్యి పోస్తున్నారు, నా కళ్ళకి ఆ మరక ఇంతింతై పెరుగుతున్నట్టు కనిపిస్తోంది. ఏం చెయ్యాలో తోచలేదు. మూలనున్న పెద్ద కూలర్ని బరబరా ఈడ్చుకొచ్చి పెళ్ళికొడుకు వైపు తిప్పి ఫుల్లులో పెట్టాను. గాలి సూటిగా హోమగుండంలో పడింది. మంట ఒక్కసారి పక్కకి వంగింది, బూడిదంతా లేచి మామ్మగారి పట్టుచీర మీద వాలింది.

"బావా! ఏటి సేత్తన్నావు?" రమణ పరిగెత్తుకొచ్చాడు.

"పిల్లోడికి ఉక్కపోత్తందేమో అని..."

"ముసలమ్మని తగలబెట్టేత్తావేటి?"

కూలర్ ఆపాను. మామ్మగారు బూడిద దులుపుకుంటూ నన్నే చూస్తున్నారు. పంతులుగారు గొంతు సవరించుకుని, "ఇంక సప్తపది. వధూవరులు లేవండి," అన్నారు.

ఏడడుగులు. హోమం చుట్టూ. అంటే ఆ వీపు ఇప్పుడు గోడ వైపు ఉండదు. హాలు వైపు తిరుగుతుంది. అన్ని వందల మంది, రెండు వీడియో కెమెరాలు, మామ్మగారి కళ్ళజోడు, అన్నీ దాని ఎదురుగా ఉంటాయి.  ఆంజనేయస్వామి దండకం మొదలుపెట్టాను, రెండో లైను గుర్తు రాలేదు.

పక్కన కుర్చీ మీద, ఇందాక తీసేసిన తెర మడతపెట్టి ఉంది.

నాకు ఆలోచన వచ్చిందంటే అబద్ధం. చెయ్యి దానంతటదే వెళ్ళింది. తెర విప్పాను, ఒక కొస వరం చేతిలో కుక్కాను, రెండో కొస నేను పట్టుకున్నాను. శ్రీకర్ లేచేలోపల అతని వెనకాల తెర నిలబెట్టేశాం. అతను ఒక అడుగు వేస్తే మేమొక అడుగు.  ముప్పై ఏళ్ళ కాపరంలో వరం నన్ను ఏమీ అడక్కుండా నా వెంట నడిచింది ఆ ఒక్కసారే.

మేళం ఆగిపోయింది. హాలంతా చూస్తోంది. దీప్తి తల వంచుకునే, పెదవులు కదపకుండా, ఏంటిదంతా అని అడిగింది.

"మావయ్యా, యే క్యా చల్ రహా హై?"

"నడువమ్మా, నడువు."

"ఆగండాగండి," అన్నారు మామ్మగారు. ఆగిపోయాం. "తెర తీసేశాక మళ్ళీ తెరేంటండీ? అదీ అబ్బాయి వెనకాలా?"

నా గుండె చప్పుడు మైకులో వినిపిస్తుందేమో అనిపించింది. "మా వైపు ఆచారమండి," అన్నాను. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మాట! "దిష్టి తెర అంటారండి. ఇంతమంది కళ్ళు పడతాయి కదండి... వెనకనుంచి తగిలే దిష్టి మరీ చెడ్డదండి."

"ఎప్పుడూ వినలేదే! పంతులుగారూ, ఉందా అలాంటిది?"

అయిపోయింది, నా పని అయిపోయింది. పంతులుగారు నన్ను చూశారు. తెర చూశారు. మెల్లిగా ఒక అడుగు పక్కకేసి, మెడ సాచి, తెర వెనక్కి తొంగి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత పీట చూశారు. అంతా అర్థమైన మొహం పెట్టి, కళ్ళు మూసుకుని, గంభీరంగా అన్నారు.

"ఉందమ్మా. పృష్ఠరక్ష."

ఆయన కాళ్ళ మీద పడిపోదును, చేతిలో తెర లేకపోతే.

మామ్మగారు తలాడించారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. సగమే పీల్చుకున్నాను, ఆవిడ మళ్ళీ అందుకున్నారు. "మరి అబ్బాయికేనా దిష్టి? మా కొత్త కోడలికి తగలదా? అమ్మాయిక్కూడా పట్టండి!"

ఇంకో తెర ఎక్కడుంది? రమణ ఏమీ అర్థం కాక, ఆవిడ మాటకి ఎదురు చెప్పే ధైర్యం లేక, భోజనాల బల్ల మీది కొత్త గుడ్డ లాక్కొచ్చాడు. అతనూ వాళ్ళావిడా దీప్తి వెనక. నేనూ మా ఆవిడా శ్రీకర్ వెనక. ముందు పంతులుగారు. ఇలా నడిచింది ఆ సప్తపది. ఫోటోగ్రాఫర్ ఏడుపు మొహంతో వచ్చాడు. "అంకల్, థోడా సైడ్ హోయియే న, ఫ్రేమ్ మే ఆ రహే హై." పక్కకి జరగమంటే జరుగుతానా? నేను కదల్లేదు. ఆ పెళ్ళి ఆల్బమ్‌లో ఏ ఫోటో తీసినా పెళ్ళికొడుకు భుజం మీంచి నా మొహం, ఉరికంబం ఎక్కబోయేవాడి మొహం, కనిపిస్తుంది.

అరుంధతి నక్షత్రం చూపించడానికి బయటికి తీసుకెళ్ళినప్పుడు కూడా తెర పట్టాం. మిట్టమధ్యాహ్నం ఎండలో, లేని నక్షత్రం కోసం అందరూ పైకి చూస్తుంటే నేను కిందకి చూస్తున్నాను.

చివరికి బట్టలు మార్చుకోవడానికి పెళ్ళికొడుకు గదిలోకి వెళ్ళాడు. తలుపు దాకా తెరతోనే దింపాను. హమ్మయ్య అని వెనక్కి తిరిగాను. తలుపు తెరుచుకుంది.

"అంకుల్, ఒక్క నిమిషం లోపలికి వస్తారా?"

వెళ్ళాను. గడియ పెట్టాడు. గదిలో మేమిద్దరమే. కుర్రాడి మొహంలో నెత్తురు చుక్క లేదు. కొడతాడా? మామ్మగారిని పిలుస్తాడా? పెళ్ళి వద్దంటాడా? ఎందుకైనా మంచిదని తలుపు గడియ మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

"అంకుల్," అన్నాడు, గొంతు తగ్గించి. "ఎవరైనా చూశారా?"

"ఏ... ఏటి బాబూ?"

"మీరు చూశారు కదా, అందుకే తెర పట్టారు. నాకు తెలుసు." అతని కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "నిన్న ట్రైన్లో తిన్న ఎగ్ బిర్యానీ అంకుల్. పొద్దుట్నుంచీ కడుపులో అదోలా ఉంది. పీట మీద కూర్చున్న కాసేపటికి కింద వెచ్చగా, జిగటగా... మంత్రాలు ఒక్కటి వినలేదు. నాకు తెలీకుండానే అయిపోయిందేమో అనుకున్నాను. లేవాలంటే భయం. తాళి కడుతుంటే చేతులు ఆడలేదు."

అప్పుడు తట్టింది నాకు. ఆ మండపంలో భయంతో చచ్చిపోతున్నది నేనొక్కణ్ణే కాదు. నా మైనం మీద కూర్చుని, పాపం, నాకంటే ఎక్కువగా వీడు చచ్చాడు!

నోరు మూసుకుని ఊరుకుంటే నేను దేవుణ్ణైపోదును. ఒక్క క్షణం ఆ దుర్బుద్ధి పుట్టింది కూడా. కానీ ఆ కుర్రాడు బిక్కమొహం వేసుకుని నిలబడి ఉంటే నోరు ఊరుకోలేదు.

"బాబూ, అది నీది కాదు. మైనం. పీటకి పాలిష్ పెట్టేను, తుడవలేదు. తప్పు నాది. పంచె వాసన చూడు, టర్పెంటైన్."

నమ్మలేదు. పంచె కొస ముందుకి లాక్కుని, భయం భయంగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒకసారి. రెండోసారి. మొహం విచ్చుకుంది.

"వాక్స్!" అన్నాడు. "అంకుల్, ఇది వాక్స్!" అంటూ నన్ను వాటేసుకున్నాడు. తిట్టాల్సినవాడు నన్ను పట్టుకుని ఏడుస్తూ నవ్వుతున్నాడు. ఆ సంతోషంలో అలాగే మంచం మీద కూలబడ్డాడు.

"కూకోకు!" అని అరిచాను. అప్పటికే హాలువాళ్ళ తెల్ల దుప్పటి కూడా అయిపోయింది.

ఆ సంగతి మాకు ముగ్గురికీ, పంతులుగారికీ తప్ప ఎవరికీ తెలీదు. నేను ఇంటికెళ్ళి ఆ పీటని టర్పెంటైన్ గుడ్డతో తుడిచి తుడిచి, చేతులు పడిపోయేదాకా రుద్దాను. కథ అయిపోయిందనుకున్నాను.

అయిపోలేదండీ! మొన్న పంతులుగారు ఫోన్ చేశారు.

"సత్యం గారూ, బర్మామైన్స్‌లో పెళ్ళి. పీటలతో పాటు మీరిద్దరూ కూడా రావాలి. పృష్ఠరక్షకి."

"పంతులుగారూ! అదేటో మీకు తెలుసు కదా!"

"నాకు తెలుసండి. వాళ్ళకి తెలీదు కదా. రమణ గారమ్మాయికి చేయించి మా అమ్మాయికి ఎగ్గొడతారా అని నా మీదకొస్తున్నారు. నేనేం చెప్పమంటారు?"

ఏం చెప్తాను? కాకినాడలో మామ్మగారు ఆవిడ చెల్లెలి మనవడి పెళ్ళిలో కూడా చేయించారట. నియమాలు కూడా వచ్చేశాయి. తెర పసుపురంగుదే ఉండాలట. పట్టేది దంపతులే అయ్యుండాలట. ముందురోజు ఉపవాసం ఉండాలట. ఈ రూల్స్ ఎవరు పెట్టారో నాకు తెలీదు, ఒట్టు, నేను పెట్టలేదు!

మన ఆచారాలన్నీ ఋషులు పెట్టారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పుడు అనుమానంగా ఉంది. ఎక్కడో ఎవడో నాలాంటోడు మైనం ఎక్కువ పూసుంటాడు.

సరే, నాకు టీ పొయ్యండి చాలు. ఆ సమోసాలు మాత్రం అవతల పెట్టండి, వాసన తగులుతోంది. రేపు బర్మామైన్స్‌లో తెర పట్టాలి. ఇవాళ నాకు ఉపవాసం.